వాంగ్ చియెన్‌మింగ్ కుడి పాదం

కాలేజీలో నేను మీడియం పేస్ వేసేవాణ్ణి. అందుకేనేమో, బేస్‌బాల్‌లో సిక్సులంత దూరం పోయే షాట్లకన్నా పిచర్ (బంతి విసిరేవాడు) వాంగ్ చియెన్‌మింగ్ వేసే సింకర్ అనే బంతే నాకు ఎక్కువ నచ్చింది.

తైవాన్‌లోని తైనాన్ కుర్రాడు. అమెరికా జట్టు న్యూయార్క్ యాంకీస్‌కి ఆడుతూ 2006లో పిచర్‌గా తన ఖాతాలో 19 విజయాలు, 2007లో మళ్లీ 19. 2006లో 218 ఇన్నింగ్స్ (ఒక్కోదానికి ముగ్గురు ఔట్) వేసి కేవలం 76 మందినే స్ట్రైకవుట్ చేశాడు, అంటే బంతిని కొట్టనివ్వకుండా ఔట్ చేశాడు. మిగతా పని సింకర్‌ది. బంతి నేరుగా వస్తున్నట్టే వచ్చి, బ్యాట్ దగ్గర చటుక్కున కిందికి దిగుతుంది. బ్యాటర్ దాని నెత్తిమీద కొడతాడు, అది నేలమీద దొర్లుకుంటూ ఫీల్డర్ చేతిలోకి పోతుంది, బ్యాటర్ చేరేలోపు ఫీల్డర్ దాన్ని మొదటి బేస్‌కి విసిరితే ఔట్. అంతే!

2008 జూన్ 15, హ్యూస్టన్. యాంకీస్ ఆడే అమెరికన్ లీగ్‌లో పిచర్లు మామూలుగా బ్యాటింగే చేసేవారు కాదు, నేషనల్ లీగ్‌లో అప్పట్లో చేసేవారు. నేషనల్ లీగ్ మైదానం కాబట్టి ఆరోజు అతనూ పరుగెత్తాల్సి వచ్చింది. పరుగు పూర్తి చేయడానికి మూడో బేస్ దాటి హోమ్ (చివరి బేస్) వైపు వస్తుండగా కుడి పాదంలో లిగమెంట్ దెబ్బతింది. కుడిచేతి పిచర్ నేలను తన్ని ఊపు తెచ్చుకునేది ఆ పాదంతోనే. ఆ వీడియోలో అతను కుంటడం చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

తర్వాత భుజానికి ఆపరేషన్, ఏళ్ల తరబడి మైనర్ లీగులు, అంటే కింది స్థాయి పోటీలు. అయినా వదల్లేదు. 2016లో, 36 ఏళ్ల వయసులో, కాన్సాస్ సిటీ రాయల్స్ జట్టు తరఫున మళ్లీ అత్యున్నత స్థాయి మేజర్ లీగ్‌లో బంతి పట్టి ఆరు మ్యాచ్‌లు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. నాకైతే ఆ ఆరు, ఆ రెండు పంతొమ్మిదులకన్నా పెద్దవి.