ఎర్రర్ రాదు, కానీ రక్తం అడిగినవాళ్ళ ఏరియా తప్పిపోతుంది

బెంగళూరులో మన తెలుగువాళ్ళకి ఎవరికైనా అర్జెంటుగా రక్తం కావాలంటే ముందు సోషల్ మీడియాలోనే పోస్టు పెడతారు. అలాంటి పోస్టుల్ని ఏపీఐ (ఒక ప్రోగ్రాం ఇంకో సర్వర్‌ని డేటా అడిగే దారి) ద్వారా తెచ్చి, ఏ ఏరియాలో కావాలో పట్టుకుని, దగ్గర్లో ఉన్న దాతలకి మెసేజ్ పంపే చిన్న టూల్ ఒకటి మేం కొందరు స్నేహితులం కలిసి నడుపుతున్నాం. ఇందులో ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే బగ్‌లతో పెద్ద ఇబ్బంది లేదు, లాగ్ చూస్తే దొరికిపోతాయి. టెన్షన్ పెట్టేవి వేరే ఉన్నాయి. సర్వర్ 200 (అంతా సవ్యమే) అనే చెప్తుంది, పోస్టు మాత్రం చదవడానికి పనికిరాకుండా వస్తుంది, లేదంటే పిన్ ఎక్కడో వేరే దేశంలో పడుతుంది. తెలుగు రాతకీ, మన ఊళ్ళకీ ఇలా జరిగే అవకాశం ఇంకాస్త ఎక్కువ.

ముందు అక్షరాల సంగతి. తెలుగు సరిగ్గా కనిపించకపోతే చాలామంది ఫాంట్ లేదనేసి వదిలేస్తారు. ఖాళీ డబ్బాలు కనిపిస్తే నిజంగానే ఫాంట్ గొడవ, డేటా క్షేమంగానే ఉంటుంది. డేటాబేస్ లోపలే వరసగా ప్రశ్నార్థకాలు ఉన్నాయంటే మాత్రం అసలు అక్షరాలు పోయినట్టే, ఎంత కోడ్ రాసినా తిరిగి రావు, ఏపీఐని మళ్ళీ అడగాల్సిందే. ఇక నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, దాని పక్కన ° గానీ ± గానీ పదేపదే కనిపిస్తుంటే అది తెలుగే. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి, అంటే ఒక ఎన్‌కోడింగ్) ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి, వాటిని ఎవరో లాటిన్-1 (పశ్చిమ యూరప్ భాషల పాత ఎన్‌కోడింగ్) అనుకుని ఒక్కో బైటునీ ఒక్కో అక్షరంగా చదివేశారన్నమాట. తెలుగుకి రెండో బైటు ఎప్పుడూ ° లేదా ± అవుతుంది, కన్నడకైతే ² లేదా ³. బెంగళూరు పోస్టుల్లో రెండు భాషలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి నాకు ఈ గుర్తులు బాగా పనికొచ్చాయి, చూడగానే ఏ వాక్యం ఏ భాషదో తెలిసిపోతుంది.

మాకు ఇది ఎక్కడ జరిగిందంటే, ఒక సర్వర్ జేసన్ (డేటా పంపే ఒక ఫార్మాట్) జవాబుని మామూలు టెక్స్ట్ అని పంపేది, ఎన్‌కోడింగ్ ఏమిటో చెప్పేది కాదు. అలాంటప్పుడు పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ దాన్ని ఐఎస్ఓ-8859-1, అంటే లాటిన్-1 అనుకుంటుంది. టెక్స్ట్ తీసుకోకుండా బైట్లు తీసుకుని మనమే యూటీఎఫ్-8గా డీకోడ్ చేసుకుంటే సరిపోయింది.

అప్పటికే పాడై సేవ్ అయినవాటిని బాగుచేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. లాటిన్-1లోకి వెనక్కి తిప్పి యూటీఎఫ్-8గా చదివితే తెలుగు తిరిగొస్తుంది, కానీ చాలామంది లాటిన్-1, దానికి దగ్గరగా ఉండే విండోస్-1252 రెండూ ఒకటే అనుకుంటారు. విండోస్-1252లో అయిదు బైట్లకి అక్షరమే కేటాయించలేదు. మన పొల్లు (్) చివరి బైటు, కొమ్ము (ు) చివరి బైటు, రెండూ ఆ అయిదింట్లోనే ఉన్నాయి! మధ్యలో ఏ టూల్ అయినా వాటిని చెత్త అనుకుని తీసేసిందంటే 'రక్తం'లో క కింద త వత్తు నిలబడదు, వెనక్కి తిప్పినా ఆ మాట అతకదు. ఒత్తులూ కొమ్ములూ లేని తెలుగు వాక్యం దొరకడం కష్టం కాబట్టి మనకి ఇది చిన్న నష్టం కాదు.

ఇంకొకటి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. అందులో పాత 'యూటీఎఫ్8' అక్షరానికి మూడు బైట్ల దాకానే తీసుకుంటుంది. తెలుగు సరిగ్గా మూడే కాబట్టి టెస్టులన్నీ పాసవుతాయి. 2019లో యూనికోడ్‌లోకి రక్తపు చుక్క ఎమోజీ వచ్చింది, దానికి నాలుగు బైట్లు కావాలి. స్ట్రిక్ట్ మోడ్ (తప్పు డేటాని ఎర్రర్ ఇచ్చి ఆపే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటే ఆ ఎమోజీ దగ్గర్నుంచి మిగతా పోస్టంతా తెగిపోతుంది, ఫోన్ నంబర్ సాధారణంగా ఆ తర్వాతే ఉంటుంది. టేబుళ్ళన్నీ నాలుగు బైట్లు తీసుకునే యూటీఎఫ్8ఎంబీ4కి మార్చేయండి, ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

మారతహళ్ళి పీజీలో ఉండే మా టీం తమ్ముడు ఒకడు రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ఏపీఐ కీలు కొత్తవి తీసుకున్నా, అయినా 401 వస్తోంది" అన్నాడు. "ఇంగ్లిష్‌లో వెతికితే వస్తోందా?" అని అడిగితే "వస్తోందన్నా, తెలుగులోనే రావట్లేదు" అన్నాడు. 401 అంటే సర్వర్ మనల్ని గుర్తించలేదని, కానీ ఇంగ్లిష్‌లో వస్తోందంటే కీల తప్పు కాదు. ప్రతి రిక్వెస్టుకీ కీలతో సంతకం చేసే పాత ఓఆత్ 1.0ఏలో, ఆ సంతకంలో తెలుగు మాటని పర్సెంట్ ఎన్‌కోడ్ (బైట్లని %తో మొదలయ్యే గుర్తులుగా రాయడం) చేసే పద్ధతి, పంపే యూఆర్ఎల్‌లో చేసే పద్ధతి తేడా వస్తే సంతకం కలవదు, ఖాళీ చోటుకి %20 బదులు + పెట్టినా అంతే. యూఆర్ఎల్‌లో %25 (% గుర్తుకే ఎన్‌కోడింగ్) కనిపించిందంటే చాలావరకు రెండుసార్లు ఎన్‌కోడ్ అయినట్టే.

లొకేషన్ దగ్గరికొస్తే, 'వైట్‌ఫీల్డ్' అన్న ఒక్క మాట మమ్మల్ని చాలా తిప్పింది. ట్ తర్వాత ఫీ దానికి వత్తుగా మారకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం పెడతాయి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది ఉన్న మాటకి 11 కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకిచ్చే సంఖ్యలు), లేనిదానికి 10, కంప్యూటర్‌కి అవి రెండు వేరు ఊళ్ళు. ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు రూపాల్ని ఒకటి చేసే ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ కూడా దాన్ని తీసేయదు, పోల్చేముందు మనమే తీసేయాలి. ఎన్ఎఫ్‌సీ మాత్రం తప్పకుండా చేయండి, ఎందుకంటే 'వై'లోని ఐత్వం ఒకే గుర్తుగానూ రావచ్చు, రెండు ముక్కలుగానూ రావచ్చు. సరే, పేరు కుదిరింది, ఇంగ్లిష్‌లోకి మార్చి వెతికాం, ఇంగ్లండ్‌లో గ్రేటర్ మాంచెస్టర్‌లోని వైట్‌ఫీల్డ్ కూడా వచ్చింది. వెతికేటప్పుడు దేశం, నగరం కలిపి పంపకపోతే ఇంతే.

అన్నిటికంటే మోసం చేసేది అక్షాంశ రేఖాంశాల వరస. మ్యాప్ డేటా ఫార్మాట్ అయిన జియోజేసన్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. కొన్ని ఏపీఐల్లో దీనికి తిరగేసి. బెంగళూరు అక్షాంశం 12.97, రేఖాంశం 77.59. వీటిని తారుమారు చేస్తే ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలతాం. శాన్‌ఫ్రాన్సిస్కో రేఖాంశం మైనస్ 122, అక్షాంశం 90 దాటకూడదు కాబట్టి అక్కడ కూర్చుని టెస్ట్ చేసేవాళ్ళకి వెంటనే ఎర్రర్ వస్తుంది. మనవి, ఆంధ్రా తెలంగాణలతో సహా, 90 లోపే ఉండటంతో ఏ చెకింగ్‌కీ దొరక్కుండా వెళ్ళిపోతాయి. అందుకే టెస్ట్ డేటాలో మన ఊళ్ళ పక్కన టోక్యో లాంటిది ఒకటి పెట్టాలని గట్టిగా చెప్తాను, దాని రేఖాంశం 139 దగ్గర తప్పు తప్పకుండా బయటపడుతుంది.

ట్విట్టర్ 2019లో కచ్చితమైన లొకేషన్ జోడించే ఆప్షన్‌ని చాలావరకు తీసేసింది కాబట్టి మామూలుగా ఊరంతా కప్పే ఒక దీర్ఘచతురస్రమే వస్తుంది. దాని మధ్య బిందువు తీసుకుంటే వైట్‌ఫీల్డ్ పేషెంట్ కోసం దాతని సిటీ నడిబొడ్డుకి పంపినట్టవుతుంది. మేం పోస్టులో రాసిన ఏరియా పేరునే ముందు నమ్ముతాం. అక్షాంశం 12.7 నుంచి 13.2, రేఖాంశం 77.3 నుంచి 77.9 బయట పడిన ప్రతి పోస్టూ ఆటోమేటిక్‌గా వెళ్ళకుండా మాలో డ్యూటీలో ఉన్నవాళ్ళ ఫోన్‌కి వస్తుంది, వాళ్ళు పోస్టు పెట్టినవాళ్ళకి కాల్ చేసి ఏ హాస్పిటలో, ఏ రోడ్డో అడిగి రాసుకుంటారు.