నెట్ స్లో అయితే ముందు ఛానల్ చూడుర్రి

నల్గొండల గడియారం సెంటర్ దిక్కు అపార్ట్‌మెంట్లల్ల ఉండేటోళ్లకు చెప్తున్న, నెట్ స్లో ఉంటే ఎంటనే ప్లాన్ మార్చకుర్రి, ఫోన్ల వైఫై ఎనలైజర్ యాప్ ఏసుకొని చూడుర్రి, చుట్టుపక్కల వైఫైలు ఏ ఛానల్ మీద (అంటే రౌటర్ సిగ్నల్ పంపే దారి) ఉన్నయో అది చూపిస్తది. మా అక్కోళ్లింట్ల ఓపెన్ చేస్తే పక్కింటిది, కిందింటిది, షాపులయి అన్ని రౌటర్లు 6వ ఛానల్ మీదనే పడి ఉన్నయ్. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌ల ఒకదానికొకటి తగలకుండ ఉండేటియి 1, 6, 11 మాత్రమే, మధ్యల 3కో 4కో పెడితే రెండు దిక్కులా లొల్లే. రౌటర్ సెట్టింగ్స్‌ల 11కి మార్చినం, వీడియో కాల్ ఆగుడు బందైంది.

సిగ్నల్ మైనస్‌ల చూపిస్తది, మైనస్ 50 అంటే మస్తుగున్నట్టు, మైనస్ 80 అంటే కష్టమే.

యాప్‌ల గ్రాఫ్ ఆగినట్టు కనిపిస్తే పరేషాన్ కాకుర్రి, ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక యాప్‌ను 2 నిమిషాలకు 4 సార్లే స్కాన్ చేయనిస్తది, 10 నుంచి డెవలపర్ ఆప్షన్స్‌ల ఆ థ్రాట్లింగ్ (స్కాన్‌ల మీద పెట్టిన హద్దు) ఆఫ్ చేసుకోవచ్చు, లొకేషన్ కూడ ఆన్ ఉండాలె.

ల్యాప్‌టాప్‌ల లినక్స్ ఉంటే మాత్రం నాకు కిస్మెట్ అనే వైఫై స్కాన్ చేసే సాఫ్ట్‌వేరే ఇష్టం, అది తనంతట ఏం పంపకుండ ఊకె వింటది, పేరు దాచిన నెట్‌వర్క్ గూడ ఎవరన్న కనెక్ట్ అయినప్పుడు దాంట్ల బయటపడ్తది.