దురద తగ్గిన ఏడో రోజు

నా తామరకి మెడికల్ షాపు కుర్రాడు ఆ ట్యూబ్‌ని మంచి మనసుతోనే ఇచ్చాడు. "ఇది రాయ్ అన్నా, రెండు దినాలల్ల పోతది" అన్నాడు. అన్నట్టే రెండు రోజుల్లో దురద పోయింది. ఐదో రోజు ట్యూబ్ పక్కన పెట్టేశాను. పదో రోజుకల్లా గజ్జల్లో అరచేయంత ఉన్న తామర తొడల లోపలికీ, వెనక పిరుదుల మీదికీ పాకింది. మళ్ళీ రాస్తే మళ్ళీ తగ్గింది, ఆపితే మళ్ళీ పెరిగింది. జులై వానల్లో మొదలైంది అక్టోబరు చివరికి గానీ వదల్లేదు. ఇందులో సగం కాలం తామర వల్ల పోయింది, మిగతా సగం ఆ ట్యూబ్ వల్ల.

హైదరాబాద్‌లో జులై నుంచి సెప్టెంబరు దాకా ఈ జబ్బుకి పండగే. బండి మీద ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి తడుస్తూ వెళ్ళి, ఆ తడి జీన్స్‌తోనే ఏసీలో ఎనిమిది గంటలు కూర్చుంటే గజ్జలు రోజంతా ఆరవు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో నలుగురి బట్టలూ గదిలో ఒకే తాడు మీద సగం ఆరి ఉంటాయి. ఫంగస్‌కి కావలసింది చెమ్మ, వేడి, ఒరిపిడి. మూడూ అక్కడే దొరుకుతాయి.

ఏ ట్యూబ్ కొన్నా ముందు దాని మీద చదవాల్సింది పెద్ద అక్షరాల పేరు కాదు. దాని కింద చీమల బారులా ఉండే మందుల పేర్లు చదవాలి. క్లోట్రిమజోల్, మైకోనజోల్, కీటోకోనజోల్, లులికోనజోల్, టెర్బినాఫిన్ ఉంటే అవి ఫంగస్‌ని చంపేవి. బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటాసోన్, క్లోబెటసాల్, హైడ్రోకార్టిసోన్ ఉంటే అవి స్టెరాయిడ్లు. ఆఫ్లాక్సాసిన్, నియోమైసిన్, జెంటామైసిన్ బ్యాక్టీరియాకి. ఆర్నిడజోల్ కూడా జోల్ అనే ముగుస్తుంది గానీ ఫంగస్ జోలికి పోదు. నా చేతికొచ్చిన ట్యూబ్‌లో నాలుగు మందులున్నాయి, అందులో ఒకటి క్లోబెటసాల్. స్టెరాయిడ్ క్రీముల్లో అన్నిటికన్నా బలమైన వర్గంలోది అది. హైడ్రోకార్టిసోన్ 1 శాతం అన్నిటికన్నా మెత్తని వర్గంలోది. రెంటినీ 'స్టెరాయిడ్' అనే ఒక్క మాటతో చెప్పుకుంటాం గానీ వాటి మధ్య తేడా చాలా ఉంది.

బలమైన స్టెరాయిడ్ చేసే పని ఇదీ. చర్మంలో వాపు, ఎరుపు, దురద మన ఒంటి రక్షణ వ్యవస్థ ఫంగస్‌తో పోరాడుతుంటే వచ్చేవి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. దురద ఉండదు కాబట్టి మనకి తగ్గిందనిపిస్తుంది, ఫంగస్‌కి మాత్రం అడ్డు తొలగిపోతుంది. ట్యూబ్‌లో ఫంగస్ మందు కూడా ఉంది కదా అంటే, ఉంది. కానీ అది పని పూర్తి చెయ్యడానికి వారాలు కావాలి, దురద పోవడానికి రెండు రోజులు చాలు. దురద పోయింది కదాని మనం మధ్యలోనే ఆపేస్తాం. ఇంకో నష్టం కూడా ఉంది. మామూలు తామర అంచు ఉబ్బి, పొలుసు కట్టి, మధ్యలో చర్మం తేరుకుని ఉంగరంలా ఉంటుంది. స్టెరాయిడ్ రాసిన తామరకి ఆ రూపు చెడిపోతుంది. అంచు చెదిరిపోతుంది, ఒక వలయంలో ఇంకో వలయం పుడుతుంది, పొలుసు కనిపించదు. చూసినవాళ్ళు ఫంగస్‌తో సంబంధం లేని ఎగ్జిమా అనే చర్మపు జబ్బు అనుకుని ఇంకో స్టెరాయిడ్ రాసిస్తారు.

2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. డబ్బా మీద నిలువు ఎర్ర గీత ఉంటే అర్థం అదే. ఆ గీత చూసి కౌంటర్ దగ్గరే ఆగిపోయే అలవాటు మనకింకా రాలేదు.

చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని తీసుకెళ్ళాలి. "ఏదో తెల్ల క్రీమ్" అంటే వాళ్ళకేమీ తెలియదు. నన్ను చూసిన డాక్టరమ్మ మొదట అంచు దగ్గర పొలుసుని బ్లేడు మొండి వైపుతో గీకి గాజు పలక మీదికి తీసింది. దాని మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే చర్మపు కణాలు కరిగి, ఫంగస్ పోగులు మైక్రోస్కోపులో సన్నటి కొమ్మల్లా కనిపిస్తాయి. నొప్పి ఉండదు, ఆ పూటే తేలిపోతుంది. పరీక్షకి ముందు ఫంగస్ క్రీమ్ రాసుకుంటూ ఉంటే పోగులు కనిపించకపోవచ్చు కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి.

ఆమె నాకు రాసింది మైకోనజోల్ 2 శాతం, హైడ్రోకార్టిసోన్ 1 శాతం కలిసిన క్రీమ్, ఏడు రోజులకి మాత్రమే. ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మన చర్మవైద్యుల్లో చాలామంది తామరకి స్టెరాయిడ్ ఏ రూపంలోనూ వద్దంటారు, వాళ్ళ భయంలో న్యాయముంది. నాకు రాయడానికి కారణం, గోకి గోకి గజ్జల మడత ఎర్రగా ఉబ్బి, రసి కారి, నడిస్తే భగ్గున మండే స్థితికి రావడం. అలాంటి చర్మం మీద ఒట్టి ఫంగస్ క్రీమ్ కూడా మండుతుంది, మంట భరించలేక మనిషి మానేస్తాడు. మెత్తటి స్టెరాయిడ్ ఆ మంటని చల్లార్చేవరకే. పొడిగా, పొలుసు కట్టి, దురద మాత్రమే ఉన్న తామరకి దాని అవసరమే లేదు.

ఇక రాయడం. నేను మొదట్లో చేసిన తప్పులన్నీ ఇక్కడివే.

స్నానం గోరువెచ్చని నీళ్ళతో, మామూలు సబ్బుతో. పీచుతో రుద్దకూడదు. డెట్టాల్ పొయ్యకూడదు. తుడుచుకునేటప్పుడు ఒత్తి తడి తియ్యాలి, రాపిడి పెట్టకూడదు. తరవాత ఫ్యాన్ కింద ఐదు నిమిషాలు. ఈ ఐదు నిమిషాలు ఎవరూ చెప్పరు. మడతలో చెమ్మ ఉండగానే క్రీమ్ రాస్తే అది తడి మీద జారి, పక్కకి పోయి, మడతలో తెల్లగా ముద్ద కడుతుంది. ఆ ముద్ద కిందే చర్మం నాని పాచిపోతుంది.

ఎంత రాయాలన్నదానికి కొలత మన వేలే. చూపుడు వేలు మొదటి గీత నుంచి కొస దాకా ట్యూబ్ నుంచి ఒక గీతలా పిండితే దాదాపు అర గ్రాము. అది పెద్దవాళ్ళ రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది, అరచెయ్యంటే వేళ్ళతో కలిపి. నాకు ఒక్కో వైపు మచ్చ, దాని చుట్టూ రాయాల్సిన అంచుతో కలిపి సుమారు ఆ కొలతే ఉంది. అంటే పూటకి రెండు వేలికొసలు, రోజుకి రెండు పూటలు, మొత్తం రెండు గ్రాములు. వారానికి 14 గ్రాములు. 15 గ్రాముల ట్యూబ్ సరిగ్గా వారానికి అయిపోవాలి. మూడు రోజుల్లో అయిపోతే పూత మందంగా వేస్తున్నట్టు, మూడు వారాలొస్తే చాలినంత రాయనట్టు లేదా పూటలు తప్పినట్టు.

పూత బయటి నుంచి లోపలికి వెయ్యాలి. ఫంగస్ బతికుండేది అంచులో, ఇంకా మంచిగా కనిపించే చర్మంలో. మచ్చ దాటి రెండు మూడు సెంటీమీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి మధ్యకి రావాలి. పల్చగా రాసి, మెరుపు పోయేదాకా మెల్లగా అద్దాలి. పైన తెల్లగా కనిపిస్తుంటే ఎక్కువైనట్టే. దాని మీద కట్టు కట్టకూడదు, ప్లాస్టిక్ చుట్టకూడదు, బిగుతు డ్రాయరు వెయ్యకూడదు. గాలాడకపోతే స్టెరాయిడ్ లోపలికి ఎక్కువగా ఇంకుతుంది. గజ్జల మడత పుట్టుకతోనే మూసుకుని ఉండే చోటు, అక్కడ హైడ్రోకార్టిసోన్ కూడా మిగతా ఒంటి మీదకన్నా గట్టిగా పనిచేస్తుంది. ఏడు రోజుల గడువు అందుకే. రాసిన చెయ్యి సబ్బుతో కడుక్కోవాలి, గోళ్ళ కింద కూడా. ఒక పూట మరిచిపోతే తరవాతి పూట రెట్టింపు రాయడం వద్దు.

మూడో రోజుకి మంట తగ్గింది. ఐదో రోజుకి రసి ఆరింది, నడక మామూలైంది. ఏడో రోజు ఉదయం దురద లేదు, మచ్చ ఎరుపు పోయి గోధుమ రంగుకి తిరిగింది. అసలు జాగ్రత్త మొదలయ్యేది ఈ రోజునే. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్‌ని ఆ రోజుతో ఆపి, స్టెరాయిడ్ లేని ఒట్టి ఫంగస్ క్రీమ్‌కి మారాను. అదే చోట, అదే కొలత. తామర పూర్తిగా పోయాక ఇంకో రెండు వారాలు రాయమంది డాక్టరమ్మ. మిగిలిపోయిన హైడ్రోకార్టిసోన్ ట్యూబ్‌ని బీరువాలో దాచిపెట్టకూడదు. దాచినది ఎప్పుడో ఒకసారి ఇంట్లో ఎవరి ముఖం మీదికో, పసిపిల్లల డైపర్ కిందికో పోతుంది. రెండూ స్టెరాయిడ్ పోకూడని చోట్లే.

క్రీమ్‌తో పాటు మాత్రలు కూడా వాడాల్సివచ్చింది, జబ్బు అంతగా పాకింది కాబట్టి. ఇట్రాకోనజోల్ క్యాప్సూల్ కడుపునిండా తిన్నాక వేసుకోవాలి. గ్యాస్ మాత్రలతో కలిపితే సరిగా ఒంటబట్టదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళూ, కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకునేవాళ్ళూ ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. ఒకప్పుడు టెర్బినాఫిన్‌తో ఇట్టే పోయే తామర ఇప్పుడు పోకపోవడానికి ఒక కారణముంది. ఆ మందుకి లొంగని రకాన్ని 2020లో జపాన్ శాస్త్రవేత్తలు అక్కడున్న భారతీయ, నేపాలీ రోగుల్లో గుర్తించి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశముంది. పక్కింటాయనకి పనిచేసిన మాత్ర మనకి పనిచెయ్యకపోవచ్చు.

మైకోనజోల్‌తో ఒక హెచ్చరిక. రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్ళకి ఈ క్రీమ్ పైపూతగానైనా రక్తస్రావం పెంచగలదు, డాక్టరుకి చెప్పకుండా రాయకూడదు. ఇంకోటి, క్రీములోని పారాఫిన్ లుంగీకి, నైటీకి, తువ్వాలకి అంటుకుని ఆరిపోతే ఆ బట్ట నిప్పుకి త్వరగా అంటుకుంటుంది. రాసుకున్న బట్టలతో గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడకూడదు.

నా మొలతాడు సంగతి చెప్పాలి. నల్లటి నూలు తాడు, ఐదారేళ్ళ నుంచి నడుముకే ఉంది. డాక్టరమ్మ గుడ్డి వెలుతురులో కూడా దాన్ని పట్టేసింది. "ఇది తీసెయ్యండి" అంది. ఇంటికొచ్చి కత్తిరిస్తే తాడు లోపల చెమ్మగా ఉంది, పురుల మధ్య తెల్లటి పొట్టు ఇరుక్కుని ఉంది. అది రాలిన చర్మపు పొలుసే. నడుము చుట్టూ సన్నటి ఎర్ర చార కూడా ఉంది, అప్పటిదాకా బెల్టు ఒరుపు అనుకున్నాను. రోజుకి రెండు సార్లు మందు రాస్తూ, ఇరవై నాలుగు గంటలూ ఫంగస్‌ని నడుముకి కట్టుకుని తిరిగాను. అమ్మ ఒప్పుకోలేదు. "మొలతాడు లేకుండా ఉండకూడదు నాయనా" అంది. తగ్గేదాకా ఆగి, తరవాత వెండిది కట్టుకుంటానన్నాను. వెండి చెమ్మ పీల్చదు. చేతి తాళ్ళకీ, తాయెత్తు దారాలకీ ఇదే లెక్క.

లోదుస్తులు, తువ్వాళ్ళు, దుప్పట్లు వేరుగా, చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో నానబెట్టి ఉతకాలి. తిరగేసి ఎండలో ఆరెయ్యాలి. ఎండ లేని వానల్లో కుట్ల మీద వేడి ఇస్త్రీ. కుట్లలోనే చెమ్మ నిలుస్తుంది. జీన్స్ మాని వదులు కాటన్ ప్యాంటు. ఆఫీసులో ఒక జత పొడి బట్టలు పెట్టుకుంటే సగం పని అయిపోతుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి మందు వాడాలి. అడగాలి, ఎందుకంటే సిగ్గుతో ఎవరూ చెప్పరు. మా తమ్ముడికి ఉంది, మూడు నెలల నుంచి. ఇద్దరం ఒకే తువ్వాలు వాడేవాళ్ళం.

క్రీమ్ రాశాక మంట పెరుగుతూ పోయినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా, రెండు వారాలకి ఏ మార్పూ లేకపోయినా ఆగకుండా మళ్ళీ చూపించుకోవాలి. కొందరికి క్రీమే పడదు. కొందరికది తామరే కాదు.

అక్టోబరు చివర్లో మళ్ళీ గీకి చూస్తే పోగులు లేవు. గోధుమ రంగు మచ్చ మిగిలింది, అది నెలల మీద దానంతటదే తేలికవుతుంది, దానికి ఏ క్రీమూ రాయనక్కర్లేదు. తొడల లోపల మాత్రం వేలంత పొడవున సాగిన చారలున్నాయి, ఎడమ వైపు నాలుగు, కుడి వైపు మూడు. అవి తామర చేసినవి కావు. మొదటి ట్యూబ్‌లోని స్టెరాయిడ్ చేసినవి. ఎర్రగా ఉండేవి, ఇప్పుడు తెల్లబడుతున్నాయి. అవి ఇక పోవని డాక్టరమ్మ చెప్పింది.