పరిచర్య ఆగిపోయినప్పుడు నేనెవరిని?

విరేచనాలు తగ్గిన కొద్ది రోజులకు అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. నీరసం అనుకున్నాం. చూస్తుండగానే కాళ్లు, తర్వాత చేతులు, చివరికి ముఖం కూడా పట్టు తప్పాయి. గులియన్ బారీ సిండ్రోమ్ అన్నారు డాక్టర్లు. ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి సొంత నరాల మీదే దాడి చేసే జబ్బు ఇది. ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించారు. అది ఆ దాడిని తగ్గిస్తుంది గానీ, దెబ్బతిన్న నరం మెల్లగా తనే బాగుపడాలి. లోపలి పోగు దాకా తెగితే అది మళ్లీ పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు.

చాలా ఏళ్లుగా నేను సండే స్కూల్ టీచర్ని. క్వయర్‌లో పాడేదాన్ని, స్త్రీల కూడికలో వాక్యం చెప్పేదాన్ని. సంఘంలో నన్ను ఎవరికైనా పరిచయం చేయాలంటే ఇవే చెప్పేవారు. మంచాన పడ్డాక అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. పెదవులు సరిగా కలవక మాట ముద్దగా వచ్చేది, ప్రార్థన కూడా పైకి చేయలేను. నా క్లాసు ఇంకో అక్క తీసుకుందనీ, పిల్లలు బాగా అలవాటు పడ్డారనీ తెలిసింది. సంతోషం వేసింది. ఆ వెనకే భయం కూడా వేసింది: ఇవేవీ లేకపోతే నేనెవరిని?

చూడటానికి వచ్చినవాళ్లు ప్రేమగా, "నీతో దేవునికి ఇంకా పని ఉందమ్మా, తప్పకుండా లేపుతాడు" అనేవారు. ఆ మాటతో నాకు టెన్షన్ పెరిగేది. పని కోసమే లేపితే, లేవలేనివాళ్ల సంగతేమిటి? పక్క మంచం మీదున్న పెద్దావిడకు నడక రాకపోతే, ఆమె దేవునికి అక్కర్లేదనా?

అమ్మ రోజూ బైబిల్ చదివి వినిపించేది. మార్కు సువార్త 3వ అధ్యాయంలో యేసు 12 మంది శిష్యులను ఎందుకు నియమించాడో 14వ వచనం చెబుతుంది. మొదట తనతో కూడ ఉండడానికి, ఆ తర్వాతే ప్రకటించడానికి పంపడం. "మళ్లీ చదువమ్మా" అన్నాను. పంపితే వెళ్లడానికి నాకు కాళ్లు లేవు. ఆయనతో ఉండడానికి కాళ్లతో పని లేదు. కదలలేని మనిషికి ఆ వరుస ఎంత పెద్ద సంగతో!

మర్నాడు మత్తయి 3, 4 అధ్యాయాలు నేనే అడిగి చదివించుకున్నాను. యొర్దాను నదిలో యేసు బాప్తిస్మం తీసుకున్నప్పుడు తండ్రియైన దేవుడు ఆయన్ని తన ప్రియకుమారుడని చెప్పాడు. అప్పటికి యేసు ఒక్క రోగిని బాగుచేసినట్టు గానీ, ఒక్క ప్రసంగం చేసినట్టు గానీ మత్తయి రాయలేదు. ఆ తర్వాత అరణ్యంలో శోధకుడు, అంటే సాతాను, ఎత్తిన మాట "నీవు దేవుని కుమారుడవైతే" అని. అంటే ఏదో ఒకటి చేసి నిరూపించుకోమని. నిద్ర పట్టని రాత్రుల్లో నన్ను తినేసిన ప్రశ్న కూడా అదే. అది ఎవరి గొంతో తెలిశాక దానికి జవాబు చెప్పడం మానేశాను.

నెలల తరబడి ఫిజియోథెరపీ చేశాక నడక వచ్చింది. పాదాలు ఇంకా మొద్దుగానే ఉంటాయి, త్వరగా అలసిపోతాను. క్వయర్‌లో అంతసేపు నిలబడలేను. క్లాసు ఆ అక్కకే ఉంచమని పాస్టర్ గారితో చెప్పాను. ఆ మాట ఏడవకుండా చెప్పగలిగాను, అది నాకు నడక వచ్చినంత పెద్ద స్వస్థత.

ఇప్పుడు ఓపిక ఉన్న రోజు మంచాన ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటాను. దేవుడు వాళ్లతో ఏం పని చేయించుకుంటాడో నేను చెప్పను. యెషయా 43:1 చదువుతాను: "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు." నా పిలుపు ఇదేనని నమ్ముతున్నాను. దీనికి సంఘంలో పదవేమీ లేదు, నాకు దాని అవసరం కూడా కనిపించడం లేదు.

ఆ పెద్దావిడకు ఇంకా నడక రాలేదు. ఆమె ఇంటికి వెళ్లినప్పుడు మొదట నేనే ప్రార్థన చేసేదాన్ని. ఈ మధ్య ఆమే నా చేయి పట్టుకుని, "ముందు నీ సంగతి చెప్పమ్మా" అని నా కోసం ప్రార్థిస్తోంది.