బెంచ్ జీతం (ప్రాజెక్ట్ లేని రోజుల జీతం): డబ్ల్యూహెచ్-4 ఫిర్యాదు ఫారంతో నా అనుభవం

అక్టోబర్‌లో హెచ్‌1బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద డాలస్‌లో దిగాను. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా ఇర్వింగ్‌లో కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్‌హౌస్‌కి తీసుకెళ్లారు. రెండు బెడ్‌రూములు, తొమ్మిది మందిమి. నా పరుపు వంటింటి గుమ్మం పక్కన, కుక్కర్ విజిలే అలారం. కన్సల్టెన్సీ ఓనర్‌ది మా ఖమ్మమే. "తమ్ముడూ, రెండు వారాల్లో ప్రాజెక్ట్ పడుతుంది, పడగానే పేరోల్ రన్ చేస్తా" అన్నాడు. ఆ వారంలోనే, 16న, క్లయింట్ ఇంటర్వ్యూకి కూర్చోబెట్టారు. పోయింది. ఆ తర్వాతవీ పోయాయి. అమ్మ అడిగితే "ట్రైనింగ్‌లో ఉన్నా" అనేవాణ్ణి.

డిసెంబర్‌లో హెచ్‌ఆర్ నుంచి మెసేజ్ వచ్చింది. సొంత పనుల మీద జీతం లేని సెలవు కావాలని ఒక మెయిల్ పెట్టమని, పేపర్లు క్లీన్‌గా ఉంటాయని. టైప్ కూడా చేశాను. పక్క పరుపు మీది విజయవాడ అన్న తొంగి చూసి, "పంపావంటే అంతే సంగతులు" అన్నాడు. అంతకు ముందు కంపెనీలో అదే మెయిల్ పంపి ఆయన మూడు నెలల జీతం వదులుకున్నాడు. పని దొరక్క ఖాళీగా ఉంటే జీతం ఇవ్వాల్సింది యజమానే. మనంతట మనం సెలవు అడిగితే మాత్రం ఇవ్వక్కర్లేదు.

"ఎల్‌సీఏ చదివావా?" అని అన్న అడిగాడు. హెచ్‌1బీ కోసం యజమాని కార్మిక శాఖకు ఇచ్చే హామీ పత్రం అది. ఎవరు చదువుతారు? కాపీ నాకు ఇవ్వాలన్న సంగతే తెలీదు. పట్టుబట్టి తెప్పించుకున్నాను. ఏడాదికి 84,000 డాలర్లని ఉంది. పని లేని రోజులకూ చెల్లిస్తామన్న హామీ ఉంది, దాని కింద మా ఓనర్ సంతకం కూడా ఉంది!

హెచ్‌1బీల వార్షిక పరిమితి (క్యాప్) 65,000 ఉత్త వీసా లెక్క అనుకునేవాణ్ణి. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) సేవల ఒప్పందం గాట్స్‌లో అమెరికా ఇచ్చిన మాటలోనూ అదే అంకె ఉంది. హెచ్‌1బీ, ఎల్‌1 (కంపెనీ లోపలి బదిలీ వీసా) ఫీజులు పెంచినందుకు 2016లో మన ప్రభుత్వం డబ్ల్యూటీఓలో కేసు కూడా వేసింది. ఫీజు గొడవ అంత దూరం వెళ్తుంది. గెస్ట్‌హౌస్‌లో పడుకున్నవాడి జీతానికి మాత్రం తనే ఒక ఫారం నింపుకోవాలి.

ఆ ఫారమే డబ్ల్యూహెచ్-4. అమెరికా కార్మిక శాఖలో వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి పంపాలి. తప్పు జరిగిన 12 నెలల్లోపే పంపాలి, దాటితే తీసుకోరు. వీసా ఏమవుతుందోనన్న టెన్షన్‌తో వారం రోజులు నింపిన ఫారం దిండు కిందే పెట్టుకున్నాను. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించకూడదని చట్టంలో ఉంది. ఉన్నా భయం భయమే. చివరికి పంపేశాను.

ఆ డివిజన్ ఇన్వెస్టిగేటర్ ఫోన్‌లో మొదట అడిగింది జీతం గురించి కాదు, "వాళ్ల కోసం మొదటిసారి ఏ రోజు అందుబాటులో ఉన్నావు?" అని. దేశంలోకి వచ్చిన 30 రోజుల తర్వాతే లెక్క మొదలవుతుందని నేను అనుకున్నాను. అది ఆఖరి గడువు మాత్రమేనట. ప్రాజెక్ట్ కోసం ఎదురుచూడటం, ట్రైనింగ్, క్లయింట్ ఇంటర్వ్యూ, ఇవన్నీ ఉద్యోగంలో చేరినట్టే. ఇంటర్వ్యూ క్యాలెండర్ ఇన్వైట్ నా మెయిల్‌లో ఇంకా ఉంది. దాంతో లెక్క 16 నుంచే మొదలైంది. నెలకు 7,000 చొప్పున నాలుగున్నర నెలలకు 31,500.

ఫిబ్రవరి చివర్లో వేరే కంపెనీ దొరికింది. వీసా ట్రాన్స్‌ఫర్‌కి పేస్టబ్‌లు (జీతం రసీదులు) అడిగారు, నా దగ్గర ఒక్కటీ లేదు. లాయర్ డబ్ల్యూహెచ్-4 కాపీ, చాట్‌లు జతచేసి, వీసా స్టేటస్ విషయంలో నా తప్పు లేదని వివరంగా రాసింది. అప్రూవ్ అయ్యేదాకా నిద్ర లేదు.

చివరికి చెక్కు వచ్చింది, ట్యాక్స్ పోను. ఆ సాయంత్రమే ఓనర్ ఫోన్ చేశాడు. "తమ్ముడూ, ఒకే ఊరోళ్లం, నాతో ఒక్క మాట అంటే నేనే ఇచ్చేవాణ్ణి కదా!"

ఆ మాట అన్న నా మెసేజ్‌లు పదకొండు. వాటి స్క్రీన్‌షాట్లు అప్పటికే ఫైల్లో ఉన్నాయి.