మా ఇంట్లో శనివారం

నేను పుట్టి పెరిగింది గుంటూరులో, లూథరన్ కుటుంబంలో. 1842లో ఫాదర్ హెయర్ గుంటూరు వచ్చిన నాటి నుంచీ ఆ ఊళ్ళో లూథరన్ మిషను పాతుకొని ఉన్నందున, మాకు విశ్రాంతి దినమంటే ఆదివారమే. మా నాయనమ్మ ఆదివారం నాడు సూదిలో దారం ఎక్కించేది కాదు. చొక్కా గుండీ ఊడితే సోమవారం దాకా పిన్నీసుతో తిరగవలసిందే. పెళ్ళయిన తరువాత విజయవాడ వచ్చి, నా భార్య పుట్టింటివారి సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘంలో చేరి, శనివారాన్ని సబ్బాతుగా, అంటే విశ్రాంతి దినంగా, ఆచరించడం మొదలుపెట్టి ఇప్పటికి ఆరేళ్ళు. శనివారమా, ఆదివారమా అన్న వాదాన్ని ఇక్కడ ఎత్తదలచుకోలేదు. మా అమ్మతోనే అది ఇంకా తేలలేదు. ఆటోనగర్‌లో లారీ విడిభాగాల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాసుకునే మనిషికి ఇది ఎలా వీలుపడిందో, ఎక్కడెక్కడ వీలుపడలేదో చెప్పడమే నా ఉద్దేశం.

బయటివారు శనివారం సెలవు అనుకుంటారు గాని, సబ్బాతు మొదలయ్యేది శుక్రవారం పొద్దు గుంకినప్పుడు. ఆదికాండం మొదటి అధ్యాయంలో "అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను" అని సాయంత్రాన్నే ముందు చెప్పినందున, మా లెక్కలో రోజు సాయంత్రంతో మొదలై సాయంత్రంతో ముగుస్తుంది. విజయవాడలో నవంబరు చివర 5:30 దాటిన కాసేపటికే సూర్యుడు దిగిపోతాడు. జూలై మొదట్లో 6:45 దాకా ఉంటాడు. ఆ గంటంబావు తేడా జీతానికి పనిచేసేవాడికి చిన్నది కాదు. ఎండాకాలంలో పని ముగించుకొని నింపాదిగా ఇల్లు చేరే మనిషి, చలికాలంలో నాలుగున్నరకే లేవవలసి వస్తుంది. అదీ లారీలవాళ్ళు వారాంతపు సరుకు కోసం కౌంటరు మీద పడే వేళలో.

మా యజమానిని అడగడానికి నాకు మూడు వారాలు పట్టింది. తీరా అడిగితే ఆయన కోప్పడలేదు, నవ్వారు. "నీకూ శనివారమేనా? నాకు వెంకటేశ్వర స్వామి వారం, రాత్రి పలహారమే. అయినా కొట్టు కట్టేయమని స్వామి నన్నెప్పుడూ అడగలేదయ్యా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. చివరకు కుదిరిన ఒప్పందం ఇది: శనివారాలు నాకు సెలవు, ఆ మేరకు జీతంలో కోత, ఆదివారం షట్టరు దించి ఉన్నప్పుడు నేను ఒక్కడినే వచ్చి మధ్యాహ్నం దాకా సరుకు లెక్క ఎక్కించాలి. జీఎస్‌టీ రిటర్నుల గడువులు నెలనెలా 11వ తేదీన, 20వ తేదీన ఉంటాయి గనుక, 20 శనివారం పడిన నెలలో శుక్రవారం మూడింటికల్లా దాఖలు చేసి రసీదు ఆయన బల్ల మీద పెట్టడం నా పూచీ. ఆ నెలల్లో గురువారం రాత్రి పది దాకా కొట్టులోనే ఉంటాను. జీతం కోతకన్నా ఆ గురువారాలే నాకు భారం.

మొదటి ఏడాది నేను సబ్బాతు కన్నా గడియారాన్ని ఎక్కువ ఆచరించానని ఒప్పుకోవాలి. ఒక డిసెంబరు శుక్రవారం బెంజి సర్కిల్ దగ్గర సిటీబస్సు అరగంట కదలలేదు. కిటికీలోంచి పడమటి ఆకాశం ఎర్రబడటం, ఆ ఎరుపు పోవడం చూస్తూ, ముందున్న లారీని, సిగ్నలును, చివరకు పక్కన కూర్చొని ఫోనులో గట్టిగా మాట్లాడుతున్న పెద్దాయనను కూడా మనసులో తిట్టుకున్నాను. ఇల్లు చేరేసరికి ప్రార్థన అయిపోయింది. చెప్పులు విసురుగా విడిచి, "నేను వచ్చేదాకా ఆగలేరా?" అని అరిచాను. విశ్రాంతి దినం మా ఇంట్లోకి ఆ రోజు అలా అడుగుపెట్టింది.

అసలు లోపం గడియారంలో లేదని తెలియడానికి ఇంకొక సంఘటన కావలసి వచ్చింది. మా గుడిలో శనివారం ఉదయం మొదట సబ్బాతు బడి జరుగుతుంది. పెద్దలూ పిల్లలూ విడివిడి తరగతులుగా కూర్చొని, మూడు నెలలకు పదమూడు పాఠాల చొప్పున వచ్చే పుస్తకంలోని ఆ వారపు పాఠం చర్చించుకుంటారు. ఆ తరువాత పాటలు, ప్రసంగం. ఆ ప్రసంగం వేళ నా భార్య నిద్రపోయేది. కునికిపాటు కాదు, గోడకు తల ఆనించి గాఢనిద్ర. నాలుగో వారమో ఐదో వారమో ఇంటికి వచ్చాక, "గుడిలో నిద్రేమిటి, చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాను. ఆమె నిదానంగా, "విశ్రాంతి దినమే కదండీ" అంది.

ఆ మాట వెనుక ఏముందో ఆ రాత్రి వరుసగా చెప్పింది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. శుక్రవారం తెల్లవారుజామున లేచి, మునిసిపల్ నీళ్ళు పట్టి, రెండు రోజులకూ వండి, ఇల్లు కడిగి, బట్టలు ఉతికి, శనివారం గుడికి కట్టుకునేవి ఇస్త్రీ చేసి, పిల్లకు తల రుద్ది, ఇవన్నీ పొద్దు గుంకేలోగా ముగించి, మధ్యలో పూర్తిచేయవలసిన జాకెట్లకు గుండీలు కుట్టేది. నేను కొట్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కొని బైబిలు తెరిచేవాడిని. నా ఒక్క రోజు విశ్రాంతికి ఆమె ఒక రోజులో రెండు రోజుల పని చేస్తోందన్నమాట. చివర నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయం తీసి నాలుగో ఆజ్ఞ చదవమంది: "నీవైనను నీ కుమారుడైనను నీ కుమార్తెయైనను నీ దాసుడైనను నీ దాసియైనను నీ పశువైనను..." అక్కడ ఆపి, "ఇందులో పశువు కూడా ఉంది, భార్య లేదు, చూశారా?" అంది. "నీవైనను" అన్న మాటలోనే భార్య కూడా ఉందని మా పాస్టరుగారు తరువాత వివరించారు, ఆ వివరణ సబబైనదే. అయితే ఆ రాత్రి నాకు తోచిన సమాధానం ఏదీ లేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో సబ్బాతుకు సిద్ధపాటు బుధవారం మొదలవుతుంది. ఇస్త్రీ నాది, బుధవారం రాత్రి. కూరగాయలు తెచ్చి, చిక్కుళ్ళు ఒలిచి, గోంగూర ఆకు తెంపి ఉంచడం గురువారం నాదే. 20వ తేదీ శనివారం పడిన వారం మాత్రం ఆ పని పిల్లకు పోతుంది. పిండి గురువారం రాత్రి రుబ్బుతాము. శుక్రవారం వంట ఒక్కటే ఆమెకు మిగులుతుంది, అదీ కుదించాము. శనివారానికి పులిహోర, ఒక వేపుడు, పప్పులపొడి, పెరుగు; ఏ చుట్టం వచ్చినా ఇవే. మొదట్లో పప్పుచారు, రెండు కూరలు, అప్పడాలు అంటూ పండుగలా చేసినదంతా నా నాలుక కోసమే జరిగిందని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుపడను. ఆమె గుడిలో నిద్రపోవడం మానేసింది. ఇప్పుడు ప్రసంగం బాగా లేకపోతే బాగా లేదని కూడా చెబుతోంది.

నిప్పు విషయంలో అందరి ఆచారం ఒకటి కాదు. ముందురోజు వండినదాన్ని పొయ్యి మీద వెచ్చబెట్టుకోవడానికి మా సంఘంలో అభ్యంతరం లేదు. నిష్ఠగల యూదులైతే విశ్రాంతి దినాన ఇండ్లలో అగ్ని రాజబెట్టకూడదన్న నిర్గమకాండం 35వ అధ్యాయపు మాటను అక్షరాలా తీసుకొని, శుక్రవారం పొద్దు గుంకకముందే దీపాలు వెలిగించుకొని, ఆ తరువాత నిప్పు ముట్టించరు. యూదులంటే ఎక్కడో విదేశాలలోనే ఉంటారని అనుకునేవారు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం గురించి తెలుసుకోవాలి. బెనె ఎఫ్రాయీము అని తమను పిలుచుకునే తెలుగు కుటుంబాలు అక్కడ ఒక ప్రార్థనామందిరం పెట్టుకొని ఇదే శనివారాన్ని ఆచరిస్తున్నాయి.

నియమాలకు అసలు పరీక్ష మే నెల. ఒక మే శుక్రవారం రాత్రి కరెంటు పోయి తెల్లవారి ఎనిమిదింటికి గాని రాలేదు. గుడి నుంచి వచ్చి గిన్నె మూత తీస్తే వేపుడు పుల్లని వాసన కొట్టింది, పెరుగు పులిసిపోయింది, ఎందుకనో ఆ వారం పులిహోర కలపలేదు. ఇప్పుడు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాలా, హోటలు నుంచి తెప్పించుకొని ఇంకొకరి చేత పని చేయించి డబ్బు చెల్లించాలా అని నేను ధర్మమీమాంసలో ఉండగా, పై వాటాలో ఉండే పిన్నిగారు విషయం విని గిన్నెడు అన్నం, చారు, వడియాలు దించారు. "మీ దేవుడు వండొద్దన్నాడు గాని తినొద్దనలేదు గదా" అన్నారు. ఆ చారు రుచి నాకింకా గుర్తుంది.

శనివారం కొనడం, అమ్మడం మాకు లేవు. యెరూషలేములో విశ్రాంతి దినాన సరుకు దించుకుంటున్న వర్తకులను చూసి నెహెమ్యా పట్టణపు గుమ్మాలు మూయించిన సంగతి చదివినప్పుడు, కొట్టు మనిషిని గనుక నాకు ఆ వర్తకుల మీదనే కాస్త జాలి కలిగింది. సాయంత్రం మేము ప్రకాశం బ్యారేజీ మీదకు నడకకు వెళతాము. అక్కడ దారిలో నిప్పుల మీద కాలుతున్న మొక్కజొన్న పొత్తుల వాసన పిల్లను నిలబెట్టేస్తుంది. రెండుసార్లు ఏడిపించి తీసుకొచ్చాక, ఇప్పుడు శుక్రవారమే జంతికలు డబ్బాలో పెట్టుకుంటాము. బడిలో శనివారం పెట్టే స్లిప్ టెస్టుల సంగతి ఇంత సులువుగా తేలలేదు. మొదటి సంవత్సరం అన్నిటికీ సున్నాలు వేశారు. రెండో సంవత్సరం క్లాసు టీచరు మారి, శుక్రవారం మధ్యాహ్నం రాయించుకోవడానికి ఒప్పుకున్నారు. మళ్ళీ టీచరు మారితే ఏమవుతుందో చూడాలి.

మా అమ్మ ఒక శనివారం ఉదయం గుంటూరులో స్నానాలగదిలో జారిపడింది. గుడి మధ్యలో లేచి వెళ్ళి, ఆసుపత్రిలో చేర్పించి, ఎక్సరేకు, మందులకు డబ్బు కట్టాను. కట్టేటప్పుడు చేయి ఒక్క క్షణం ఆగిన మాట నిజం. తరువాతి వారం సంఘపెద్ద ఒకరితో అంటే, బావిలో పడిన ఎద్దును విశ్రాంతి దినమని వదిలేస్తారా అని యేసు అడిగిన మాట గుర్తు చేసి, నూజివీడులోని మన గిఫర్డ్ ఆసుపత్రి నర్సులు శనివారమని కాన్పును ఆదివారానికి వాయిదా వేస్తారా అని అడిగారు. అమ్మకు ఈ సంగతి చెబితే, "నన్ను ఎద్దుతో పోల్చాడా ఆయన?" అంది.

ఇక పనిమనిషి సంగతి. రెండేళ్ళపాటు, మేము గుడి నుంచి వచ్చి భోంచేశాక ఆమె వచ్చి అంట్లు తోమి వెళ్ళేది. ఆజ్ఞలో "నీ దాసియైనను" అన్న మాట ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, ఆ మాట మా పెరటి దాకా రాలేదు. ఒక శనివారం ఆమే, "మీరెవరూ ఇయ్యాల పని చెయ్యరంట గదమ్మా, మరి అంట్లు నాకెందుకు దాచిపెట్టారు?" అని నా భార్యను అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. ఆ నెల నుంచి శనివారాలు ఆమెకు సెలవు, జీతంలో కోత లేదు. ఖాళీ దొరికిన ఆ పూటకు ఆమె రెండు వీధుల అవతల ఇంకొక ఇల్లు ఒప్పుకుందని తరువాత తెలిసింది. పిల్లవాడి కాలేజీ ఫీజుకట, మేము ఏమీ అనలేదు.

అందువల్ల ఇప్పుడు శనివారం అంట్లు తొట్టిలో నానుతూ ఉంటాయి. బ్యారేజీ నుంచి వచ్చి, పొద్దు గుంకే వేళకు ముగ్గురమూ కూర్చొని ఒక పాట పాడి ముగింపు ప్రార్థన చేసుకున్నాక, నా భార్య కుట్టుమిషను మీది గుడ్డ తీస్తుంది, నేను ఫోను తెరుస్తాను. కొట్టు నుంచి తక్కువలో తక్కువ పది మెసేజీలు ఉంటాయి. వాటిని అలాగే ఉంచి, చేతులు పైకి మడుచుకొని తొట్టి దగ్గరకు వెళతాను. పులిహోర గిన్నె అడుగున అంటుకున్న పసుపు ఎంత తోమినా ఒక పట్టాన వదలదు.