వాడికి కమిట్ అయ్యాను సార్

ఒంగోలు, మంగళవారం రాత్రి

సాయంత్రం ఇంగ్లీషు బ్యాచ్‌లో పాఠం ముందుకు కదల్లేదు. గంటంబావు ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. కొత్త మాటేం కాదు, కమిట్. కర్నూలు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే నాలుగుసార్లు వినపడుతుంది. "ఆదివారం కమిట్ అయిపోయా బా." "వాడికి కమిట్ అయ్యాను, ఇంక తప్పదు." ఇంత నలిగిన మాట ఇంగ్లీషులో రాయాల్సి వచ్చేసరికి చెయ్యి తడబడుతుంది. మనం దాన్ని తెచ్చుకుని తెలుగు సంసారంలో పెట్టేశాం మరి. ఇక్కడి అలవాట్లతోనే పుట్టింటికి పంపితే అక్కడ నవ్వుతారు.

మొదలైంది ఒక మెయిల్‌తో. చీమకుర్తి క్వారీ ఆఫీసులో లోడ్లు పంపే పని చూసే కుర్రాడు, బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ స్లాబులు కొనే విదేశీ పార్టీకి రాసిన వాక్యం ఫోన్లో చూపించాడు: "వుయ్ హావ్ కమిటెడ్ యూ టూ కంటైనర్స్ బిఫోర్ ట్వంటీఫిఫ్త్."

"మీకు రెండు కంటైనర్లు ఇస్తామని కమిట్ అయ్యాం, అదే రాశా. తప్పేముండాది సార్?"

తప్పంతా ఆ 'యూ' దగ్గరే ఉంది. తెలుగులో 'మాటిచ్చాను' ఉన్న చోట 'కమిట్ అయ్యాను' కూర్చోబెట్టాం. మాట ఎవరికిస్తాం? మనిషికి. అందుకని కమిట్ కూడా మనిషికే అవుతున్నాం. ఇంగ్లీషులో మనిషికి మాటివ్వడానికి ప్రామిస్ ఉంది. "ఐ ప్రామిస్డ్ హిమ్" అంటే సరిపోయింది. కమిట్ పక్కన అలా మనిషిని తెచ్చి నిలబెడితే మాత్రం కథ మారిపోతుంది. "ఐ కమిటెడ్ హిమ్" అంటే 'వాణ్ణి మానసిక వైద్యశాలలో పెట్టించాను' అనో, 'జైలుకు పంపాను' అనో అర్థం వస్తుంది. కొనుగోలుదారు మనవాడి భావం ఊహించుకుంటాడు, అది వేరే విషయం. సరుకు డబ్బు చేతులు మారే మెయిల్‌ని ఎదుటివాడి ఊహకు వదలకూడదు.

మనిషిని నిలబెట్టగలిగే చోటు ఒకటుంది: తనను తాను. "హి కమిటెడ్ హిమ్‌సెల్ఫ్ టు ద జాబ్" అంటే ఆ పనికి తనను అప్పగించుకున్నాడని. ఈ మాటకు లాటిన్ మూలంలోనూ అప్పగించడం, చేర్చి పెట్టడం అనే అర్థమే ఉంది. డబ్బునీ ఇలాగే అప్పగిస్తాం. ఒక పనికి పది లక్షలు స్పెండ్ చేశామంటే ఆ డబ్బు పోయింది. కమిట్ చేశామంటే డబ్బు ఇంకా ఖాతాలోనే ఉంది, కాకపోతే వేరే పనికి తియ్యడానికి లేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చే 'టు' దగ్గర. "కమిటెడ్ టు ఫినిష్" అనాలా, "కమిటెడ్ టు ఫినిషింగ్" అనాలా? బోర్డు మీద రెండూ రాస్తే ముప్పావు వంతు మంది మొదటిదానికే చెయ్యెత్తారు. 'టు' కనపడగానే పక్కన ఉత్త క్రియ రాయాలని బళ్లో నూరిపోస్తారు. ఆ 'టు' వాంట్ పక్కన ఉండే 'టు'. కమిటెడ్ పక్కన ఉన్నది మన 'కి', 'కు' లాంటిది. పరీక్ష చాలా సులువు. 'టు' తర్వాత 'ఇట్' పెట్టి చదవండి. "ఐ యామ్ కమిటెడ్ టు ఇట్" నిలబడింది, కాబట్టి అక్కడ క్రియకు ఇంగ్ తగిలించాలి. "ఐ వాంట్ టు ఇట్" కూలిపోయింది, కాబట్టి అక్కడ ఉత్త క్రియే. లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ కూడా ఈ పరీక్షలోనే తేలుతుంది. దరఖాస్తుల్లో అందరూ 'టు మీట్ యూ' అనే రాస్తారు.

దీనికి తెలుగులో సరైన జోడీ 'కట్టుబడి ఉన్నాను'. ఎవరికి కట్టుబడి అని కాదు, దేనికి కట్టుబడి అని అడుగుతాం. మాటకు కట్టుబడి, ఒప్పందానికి కట్టుబడి. క్రియ వస్తే 'పంపడానికి కట్టుబడి' అంటాం. ఆ 'పంపడానికి'ని విడదీస్తే పంపడం, కి. పంపడం అంటే షిప్పింగ్, కి అంటే టు. ఇది బోర్డు మీద రెండు ముక్కలుగా రాసి చూపించాక గానీ వెనక బెంచీల్లో తలలు ఊగలేదు. కమిట్ హిమ్‌సెల్ఫ్ టు డూ అనే వాడుకా నిఘంటువుల్లో కనిపిస్తుంది, తప్పనను. ఇంగ్ రాస్తే మాత్రం వేలెత్తి చూపేవాడుండడు.

కమిట్ ఫర్ అనేది పూర్తిగా మన తయారీ. 'ఆదివారం పెళ్లికి కమిట్ అయ్యా' అన్నదానికి "ఐ కమిటెడ్ ఫర్ మ్యారేజ్" అని రాస్తే, చదివినవాడు పెళ్లికొడుకు నువ్వే అనుకుంటాడు. "ఐ హావ్ అనదర్ కమిట్‌మెంట్ ఆన్ సండే" అంటే చాలు. ఉత్త "ఐ యామ్ కమిటెడ్" దగ్గర ఆగినా ఇబ్బందే. ఇంటర్వ్యూలో అది దీక్షగా వినపడొచ్చు, కాలేజీ కుర్రాళ్లకు 'నాకు ఆల్రెడీ ఒకరున్నారు' అని వినపడుతుంది. దేనికో చెప్పేయాలి: టు మై వర్క్.

'టు' లేకుండా కమిట్ వెనక నేరుగా పేరు వస్తే చెవికి నేరమే తోస్తుంది. కమిట్ ఎ క్రైమ్, ఎ మిస్టేక్, ఎ సిన్. అందుకే "ఐ కమిటెడ్ ఎ వర్క్" అంటే ఏదో చెయ్యరాని పని చేసినట్టుంటుంది. ఈ అర్థానికి మన పేపర్ల భాషలో 'పాల్పడ్డాడు', 'ఒడిగట్టాడు' ఉన్నాయి. దోపిడీకి పాల్పడతారు గానీ దానానికి పాల్పడరు, అదే తూకం.

సూయిసైడ్ పక్కన ఈ క్రియను ఇప్పుడు చాలామంది జాగ్రత్తపరులు వాడటం లేదు, డైడ్ బై సూయిసైడ్ అంటున్నారు. చావబోయిన మనిషిని నేరస్థుడిగా చూసిన కాలపు వాసన దానికి అంటుకుని ఉంది. ఇంగ్లండులో అది నేరం కాకుండా పోయింది 1961లో. మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది. మన 'ఆత్మహత్యకు పాల్పడ్డాడు'లోనూ అదే వాసన. నా మట్టుకు నాకు 'ప్రాణం తీసుకున్నాడు' చాలనిపిస్తుంది.

బ్యాచ్‌లో ఒక వకీలు గుమాస్తా ఉన్నాడు. "మా కేసులు కమిట్ అవుతుంటాయి, అదేంది మరి?" అన్నాడు. మంచి ప్రశ్న. హత్య లాంటి కేసు ముందు మేజిస్ట్రేట్ దగ్గర పీఆర్‌సీ, అంటే ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు నంబరుతో ఉంటుంది. ఆయన విచారించే కేసు కాదు కనక సెషన్స్ కోర్టుకు అప్పగిస్తాడు, అక్కడ ఎస్‌సీ, అంటే సెషన్స్ కేసు నంబరు పడుతుంది. పాత నేర విచారణ స్మృతి సీఆర్‌పీసీలో ఇది 209వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 232. ఇక్కడా అప్పగింతే, ఇక్కడా టు. కమిట్ టు మెమరీ కూడా ఆ దారిదే, పద్యాన్ని జ్ఞాపకానికి అప్పగించడం. దానికి మనవాళ్లు 'నోటికి పట్టడం' అంటారు, అదే రుచిగా ఉంది.

చివరికి మెయిల్ ఇలా తేలింది: "వుయ్ ఆర్ కమిటెడ్ టు షిప్పింగ్ టూ కంటైనర్స్ బై ద ట్వంటీఫిఫ్త్." బిఫోర్ తీసి బై పెట్టించాను. బిఫోర్ అంటే 24తో గడువు అయిపోతుంది, బై అంటే 25 కూడా కలిసొస్తుంది.

"వానొచ్చి లోడింగు ఆగితే ఎట్టా సార్? తేదీ చెప్పకుండా రాయలేమా?"

రాయొచ్చు: "వుయ్ కాంట్ కమిట్ టు ఎ డేట్ యెట్." తేదీ ఇప్పుడే ఖాయంగా చెప్పలేం అని. మర్యాదగానే ఉంటుంది, అబద్ధమూ కాదు. మనూళ్లో 'చూద్దాంలే' అని తప్పించుకునే జవాబును ఇంగ్లీషులో నాన్‌కమిటల్ అంటారు. ఇది ఆ బాపతు కాదు, 'యెట్' ఉంది కాబట్టి త్వరలో చెబుతామన్న అర్థం అందులోనే ఇమిడి ఉంది.

కుర్రాడు అక్కడే ఫోన్లో మొదటి వాక్యం కొట్టాడు. కమిటెడ్ కింద ఎర్రగీత పడింది. టీ అక్షరం ఒకటి మింగేశాడు. ఊనిక, అంటే పలికేటప్పుడు వేసే ఒత్తు, చివరి భాగం మీద పడే మాట ఇది, పైగా చివర ఒకే అచ్చు, ఒకే హల్లు. అచ్చుతో మొదలయ్యే తోక తగిలిస్తే హల్లు రెట్టిస్తుంది: కమిటెడ్, కమిటింగ్, కమిటల్, అన్నిట్లో రెండు టీలు. విజిట్‌లో ఊనిక మొదట్లోనే పడుతుంది కనక విజిటెడ్‌కు ఒక్క టీయే. కమిట్‌మెంట్ తోక హల్లుతో మొదలవుతుంది, అక్కడా ఒక్కటే. కమిటీకి మాత్రం ఎమ్ రెండు, టీ రెండు, ఈ రెండు.